యాళిని పేరు పక్క గడి

మలర్ భయమల్లా ఒక్కటే: ఆ పసిదాన్ని చంపింది తన చేతులేనేమోనని.

తిరుప్పూర్‌లో ఓ బనియన్ కంపెనీ. పనిలోకి వచ్చే తల్లుల పిల్లల్ని చూసుకునే గదిలో ఆమె కొత్తగా చేరిన ఆయా. ఆమె పెట్టిన పల్లీ ఉండ తిని నాలుగేళ్ల యాళిని ఊపిరాడక పోయింది. ఆ పిల్లకు పల్లీలు పడవు. తెలిసే పెట్టిందని కంపెనీ అంతా గుప్పుమంది. ఏడుస్తూ మలర్ డిటెక్టివ్ నాచ్చియప్పన్ గుమ్మం ఎక్కింది.

"గోడమీది కాగితం చూసే పెట్టాను సార్, నా బిడ్డ మీద ఒట్టు!"

మలర్‌ను వెంటబెట్టుకుని నాచ్చియప్పన్ తన సహాయకురాలు పొన్నితో కంపెనీకి వెళ్లేసరికి, యాళిని తల్లి కయల్ గుమ్మంలోనే మలర్ మీద విరుచుకుపడింది. కయల్ ఆ కంపెనీ ఆఫీసులోనే గుమాస్తా.

"చదువు రాదని చెప్పి ఏడవొచ్చుగా! నీకు చప్పున కనబడాలనే కదటే పేర్లన్నీ అక్షరాల వరసలో పెట్టి ఇచ్చింది నేను!"

నాచ్చియప్పన్ గోడ దగ్గరికి నడిచాడు. కంప్యూటర్లో తీసిన గళ్ల పట్టిక అది. పేరు, వయసు, పెట్టకూడని తిండి.

"మొదటి పేరు అగిలన్. ఎవరమ్మా?"

చాప మీద పాకుతున్నవాణ్ణి మలర్ ఎత్తి చూపింది.

"నాలుగేళ్లు, పల్లీలు వద్దు అని ఉందే?"

"వయసు తప్పు పడిందనుకున్నా సార్. పళ్లే రానోడికి పల్లీలెవరు పెడతారు?"

"మీ మొహం చూస్తే తెలుస్తోంది, దొంగ దొరికాడు కదా సార్?" అంది పొన్ని సంబరంగా.

"దొరక్కపోతే బాగుండును పొన్నీ."

సాయంత్రం మేనేజరు గుణశేఖరన్ ఆఫీసు గదిలో అందర్నీ కూర్చోబెట్టాడు నాచ్చియప్పన్.

"స్ప్రెడ్‌షీట్లో అడ్డ వరస ఒక బిడ్డ. నిలువు వరస ఒక సంగతి. ఎవరి సంగతి వాళ్ల పేరు పక్కనే ఉండాలని ఆ గళ్లు. కానీ కంప్యూటరుకు బిడ్డలెవరో తెలీదు. పట్టికంతా పట్టుకుని వరస మార్చమంటే పేరు వెంట వయసూ తిండీ కదుల్తాయి. పేర్ల గళ్లే పట్టుకుంటే పేర్లు మాత్రమే లేచిపోతాయి. తక్కినవి ఉన్నచోటే ఉంటాయి. మొదట పై వరసలో ఉన్న యాళిని సంగతి అగిలన్ పక్కకు చేరింది. యాళిని పక్కన ఖాళీ గడి మిగిలింది. మలర్ ఆ గడి చూసింది. ఆమె తప్పేం లేదు."

"మరి చేసిందెవరు?" అన్నాడు గుణశేఖరన్.

కయలే లేచి కంప్యూటర్ ముందుకు వెళ్లింది. పాత పట్టిక తెరిచి, పేర్ల గళ్లు మాత్రం పట్టుకుని మీట నొక్కింది. పేర్లు కదిలాయి. పల్లీల మాట కదల్లేదు.

"అన్నా, ఇట్లాగే చేశాను," అంది.

మలర్ పరుగున వెళ్లి ఆమెను పట్టుకోబోయింది.

"నన్ను ముట్టుకోకే. నువ్వు కాదు, పో... పోయి నీ బిడ్డను ఎత్తుకో."

నింద పోయినా మలర్‌కు నిద్ర రావడం లేదు. ఆనాటినుంచి కయల్ పనిలోకి రాలేదు. రోజూ ఆమె ఇంటికి అన్నం కేరేజీ పట్టుకెళ్లి పిలుస్తుంది మలర్. తన గొంతు వినగానే లోపల దీపం ఆరిపోతుంది. రైలు గేటు వెనక సందు, నీలం తలుపు. మలర్ పిలిస్తే తీయదు. అటు వెళ్లేవాళ్లు మీరైనా ఒకసారి తట్టి, ఆ తల్లి తిన్నదో లేదో చూసి రండి.