ఆఖరి పాట తర్వాతి టేపు

ఆ స్టూడియో కిందగదిలో టేపు తిరుగుతున్నప్పుడు ఇనప తలుపు వైపు వీపు పెట్టి కూర్చోకూడదనేవారు. కూర్చుంటే మెడ మీద ఎవరో ఊపిరి వదిలినట్టు ఉంటుందట. ఊడ్చేవాళ్ళు కూడా చీకటి పడకముందే చీపురు ఎత్తేసేవారట.

అలాంటి చోటికి ఆవిడ కావాలనే వెళ్ళింది.

టేపులో ఉన్న పాటని సూదితో పళ్ళెం మీద గాడిగా చెక్కడం ఆవిడ పని. రికార్డులన్నీ ఆ పళ్ళెం నుంచే పుడతాయి. ఆవిడ అన్న ట్రంపెట్ వాయించేవాడు. దానికి కరెంటు తగిలించి, మూలిగించి, కేకలు పెట్టించి, ఒకే ఒక్క జాజ్ ఆల్బం చేశాడు. ఆఖరి పాట రికార్డయిన రాత్రే ఆ స్టూడియోలో పోయాడు.

"నిద్రలోనే పోయాడే," అనేది అమ్మ.

మరి పిడికిళ్ళు ఎందుకు కమిలిపోయాయో మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఇన్నేళ్ళకి ఆ ఆల్బంని, చీమ చిటుక్కుమన్నా పట్టుకునే శ్రోతల కోసం, బరువైన రికార్డుగా మళ్ళీ వేస్తామన్నారు. ఆవిడ కాళ్ళావేళ్ళా పడి ఆ పని తెచ్చుకుంది.

పగలు లారీలు వెళ్తే సూది అదురుతుంది. అందుకని రాత్రే మొదలుపెట్టారు. టేపు యంత్రం దగ్గర స్టూడియో ముసలి మాస్టారు నించున్నారు.

"టేపు మీది పొడి రాలిపోతోందమ్మా," అన్నారు. "ఈ ఒక్కసారే. మళ్ళీ తిప్పితే ఇందులో ఏమీ మిగలదు."

పాటలన్నీ గడిచాయి. ఆఖరి పాట కూడా ఆగింది. మాస్టారు మీట మీద చెయ్యి వేశారు.

"ఆపకండి... మీకు దణ్ణం పెడతాను."

నిశ్శబ్దం. టేపు బుసబుస... ఆ తర్వాత — ఎక్కడో దూరాన్నించి, దారమంత సన్నగా —

"చెల్లీ... తలుపు తియ్యవే..."

అది అన్న గొంతని ఆవిడ పోల్చుకుంది. ఆ రాత్రి తను ఇక్కడ లేనే లేదు. చిన్నపిల్ల, ఇంట్లో నిద్రపోతోంది. మరి తననెందుకు పిలుస్తాడు?

"భయపడకు," మాస్టారు గుసగుసగా అన్నారు. "దెయ్యం కాదు. ఏళ్ళ తరబడి చుట్టుకుని ఉంటే, ఒక పొరలో శబ్దం పక్క పొరకి అంటుకుంటుంది. అసలు మాటకన్నా ముందు దాని నీడ వినిపిస్తుంది. ఉండు... ఇప్పుడు అసలు గొంతు గట్టిగా వస్తుంది."

ఇద్దరూ చెవులు రిక్కించారు.

రాలేదు.

టేపు కొస జారిపోయి, చక్రం టపటపా కొట్టుకుంది. మాస్టారు యంత్రం ఆపేశారు.

అప్పుడు వచ్చింది అసలు గొంతు. స్పీకర్లలోంచి కాదు... ఇనప తలుపు అవతల్నించి. దబదబా బాదుతూ.

"చెల్లీ! తలుపు తియ్యవే!"

"వస్తున్నా అన్నయ్యా!"

"వద్దమ్మా!" మాస్టారు కేకేశారు. "దాని వెనకాల —"

గడియ తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉంది. గోళ్ళు విరిగాయి. ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి లాగింది...

తలుపు తెరుచుకుంది.

ఎదురుగా ఇటుక గోడ.

"మీ అన్న పోయాక ఆ గది మూసేశారమ్మా," అన్నారు మాస్టారు. "లోపల ఎవరూ..."

మాట పూర్తి కాలేదు. గోడ అవతల బాదుతూనే ఉన్నారు.

"ఒక్క క్షణం అన్నయ్యా... ఒక్క క్షణం ఓర్చుకో," అంటూ ఆవిడ రెండు చేతులతో ఇటుకలు గీరుతోంది. సున్నం ఎర్రబడింది.

చప్పుడు నెమ్మదించింది. ఒక దెబ్బ... చాలాసేపటికి ఇంకొకటి...

ఆ తర్వాత లేదు.