పచ్చ కిటికీల ఇంటి ముందు పిలుపు

మకావ్‌లో ఆ మెట్ల సందు దాకా చీకటి పడ్డాక రిక్షావాళ్ళు రారు. మలుపులోనే ఆపేసి, "ఇక్కణ్నుంచి నడిచి పొండి" అంటారు. ఎంత బతిమాలినా అంతే.

సందు పైకొసన ఒక పసుపు రంగు ఇల్లు ఉంది. పోర్చుగీసు దొరలు కట్టుకున్నది. పచ్చ కిటికీలు... ఎప్పుడూ మూసే ఉంటాయి. దొరలు ఓడెక్కి పోయాక అందులో ఎవరూ నిలవలేదు. కేసినోల దీపాలు ఊరంతా వెలుగు చిమ్ముతాయి గానీ, ఆ ఇంటి గోడ మీద మాత్రం ఆ వెలుగు పడదంట.

జూదంలో అంతా పోగొట్టుకున్నోళ్ళు తెల్లారగట్ట ఆ మెట్ల మీదకొచ్చి కూలబడతారు. అక్కడ కునుకు తీశారో... లేచేది సగం మనిషేనంట. మిగతా సగం ఆ ఇంట్లోకి పోద్దంట.

పోయిన చలికాలంలో షింగ్ అక్కడే కునుకు తీశాడు.

షింగ్‌ది హాంకాంగ్. లిఫ్టులు బాగుచేసే పని. ఆ రాత్రి తర్వాత ఇంటికెళ్ళాడు గానీ, మనిషి మునుపటిలా లేడు. తింటాడు, రుచి తెలీదు. భార్య యూక్‌లాన్ నాలుగుసార్లు పిలిస్తే గానీ తల తిప్పడు. "ఏమైంది నీకు?" అంటే "అలిసిపోయానంతే" అనేవాడు. నిజంగానే అలా అనుకునేవాడు కూడా.

"మళ్ళీ మకావ్‌లో అడుగు పెట్టావంటే కాళ్ళు విరగ్గొడతా" అన్నది యూక్‌లానే. అలాంటిది ఒక శుక్రవారం, తనే పడవ టిక్కెట్లు తెచ్చి అతని ముందు పెట్టింది.

"రెండ్రోజులు తిరిగొద్దాం. గుడ్డు టార్టులు తిందాం. పాత చర్చి గోడ ముందు ఫోటో దిగుదాం."

"నువ్వేనా ఈ మాటంటున్నది? జ్వరం గానీ వచ్చిందా?"

"నీ మొహం! టిక్కెట్లు వాపసు తీసుకోరు. సంచి సర్దుకో."

షింగ్‌కి అక్కడ పుట్టింది అనుమానం.

పడవలో అతను కళ్ళు మూసుకుని పడుకుంటే, నిద్రపోయాడనుకుని ఆమె పక్కకెళ్ళింది. ఫోన్లో గుసగుసలు... ఇంజను మోతలో ఒక్క ముక్క అతని చెవిన పడింది.

"...పిలిస్తే వస్తాడంటావా అవ్వా? తప్పకుండా వస్తాడా?"

ఎవడు వాడు?

మకావ్‌లో ఇన్ని హోటళ్ళుంటే ఆమె గది తీసుకుంది ఆ మెట్ల సందులోనే. కిందికొసన ఇనాసియా అవ్వ మేడలో. అవ్వ తండ్రి పోర్చుగీసు, తల్లి చీనా. మెళ్ళో శిలువ, గుమ్మం పక్కన అగరొత్తులు.

"ఏంటవ్వా, రెండు కొట్లలోనూ ఖాతా పెట్టుకున్నావే?" అని నవ్వింది యూక్‌లాన్.

"ఒకటి మూసుంటే ఇంకోటి తెరిచుంటుంది కదమ్మా" అంది అవ్వ. అని, షింగ్‌ని కిందనించి పైదాకా చూసింది.

"ఈ అబ్బాయేనా?"

యూక్‌లాన్ గబుక్కున అవ్వ చెయ్యి పట్టుకుంది.

ఈ అబ్బాయేనా... అంటే? ముందే మాట్లాడుకున్నారా వీళ్ళిద్దరూ?

ఆ రోజంతా తిరిగారు. ఫోటోలు దిగారు. యూక్‌లాన్ నవ్వుతూనే ఉంది గానీ, కళ్ళు మాటిమాటికీ మెట్ల పైకి పోతున్నాయి. షింగ్ అన్నీ చూస్తున్నాడు. గదికొచ్చి సంచి వెతికితే తన నీలం చొక్కా లేదు. పోయిన చలికాలం ఆ మెట్ల మీద కూలబడ్డప్పుడు ఒంటి మీదున్న చొక్కా అది. పొద్దున తన చేత్తోనే పెట్టాడు.

రాత్రి అన్నాలయ్యాక అవ్వ గది దాకా వచ్చి చెప్పింది.

"నాయనా, ఈ పూట మంచం దిగకు. దుప్పటి కప్పుకుని పడుకో. బయట ఎవరు పిలిచినా పలక్కు... తెలిసిన గొంతైనా సరే."

అతను సరేనన్నాడు. దుప్పటి కప్పుకున్నాడు. కాసేపటికి యూక్‌లాన్ వంగి చూసింది... ముక్కు దగ్గర వేలు పెట్టి మరీ చూసింది. తర్వాత తలుపు మెల్లగా మూసుకుంది.

అనుమానం పెనుభూతం అంటారు. అది పట్టుకున్నోడు మంచంలో ఎందుకుంటాడు?

చెప్పులు చేత్తో పట్టుకుని, వెనక వాకిట్లోంచి బయటపడ్డాడు.

ఆమె మెట్లెక్కుతోంది. చంకలో ఏదో గుడ్డ. చేతిలో చిన్న గిన్నె. అతను గోడ నీడనే నడిచాడు. సందులో మనుషులు లేరు, కుక్క కూడా లేదు. దూరంగా కేసినోలో సంగీతం... అదీ నాలుగు మెట్లెక్కేసరికి ఆగిపోయింది.

పసుపు ఇంటి ముందు ఆమె నిలబడింది.

ఇంకేముంది, వాడొస్తాడు. ఇప్పుడు పట్టుకుంటా ఇద్దర్నీ — అనుకున్నాడు షింగ్, పళ్ళు బిగించి.

ఆమె చంకలోని గుడ్డ విప్పింది. నీలం చొక్కా! దాన్ని రెండు చేతులతో ఎత్తి గాల్లో ఊపింది. గిన్నెలోంచి బియ్యం తీసి మెట్ల మీద చల్లింది. తర్వాత, పచ్చ కిటికీల వైపు చూస్తూ...

"షింగ్... ఇంటికి రా... భయపడకు... ఇంటికి రా..."

అతను గోడ నీడలోనే ఆగిపోయాడు.

ఈ పిలుపు అతనికి తెలుసు. చిన్నప్పుడు రేవులో నీళ్ళలో పడి జడుసుకుంటే, నాయనమ్మ ఇలాగే రేవుకెళ్ళి, అతని చొక్కా ఊపి, బియ్యం చల్లి, పోయిన ప్రాణాన్ని పిలుచుకొచ్చింది. ఎవడో కాదు... యూక్‌లాన్ పిలుస్తున్నది తననే. తనలోంచి పోయిన సగాన్ని.

పరుగెత్తుకెళ్ళి పట్టుకుని ఏడవాలనిపించింది. కానీ అడుగు పడలేదు. నన్ను పిచ్చోణ్ని చేసి, అబద్ధాలు చెప్పి, ఇంత దూరం తెచ్చిందా? ఒక్క మాట చెప్పకూడదా నాతో? పిలవనీ. ఎంతసేపు పిలుస్తుందో చూద్దాం... అని రోషం.

"షింగ్... ఇంటికి రా..."

అతను పలకలేదు.

"షింగ్... నీకోసం గంజి కాచి ఉంచాను... రా..."

పచ్చ కిటికీ ఒకటి కిర్రుమంది.

"వస్తున్నా."

ఇంట్లోంచి. అచ్చం తన గొంతే.

యూక్‌లాన్ చొక్కాని గుండెకి హత్తుకుని గిరుక్కున తిరిగింది. తల వంచుకుని, మెట్లు దిగడం మొదలుపెట్టింది. ఆమె అతని ముందునుంచే పోయింది... చూడలేదు. ఆమె వెనకాలే అడుగుల చప్పుడు. తడి కాళ్ళ చప్పుడు. మనిషి లేడు. చప్పుడే.

అప్పుడు గుర్తొచ్చింది షింగ్‌కి. నాయనమ్మ పిలుచుకొచ్చిన రోజు తను మంచంలో దుప్పటి కింద ఉన్నాడు. పిలుచుకొచ్చింది వచ్చి చేరేది మంచంలో ఉన్న మనిషిలో.

ఇప్పుడా మంచం ఖాళీ!

"యూక్‌లాన్! ఆగు! నేనిక్కడున్నా!"

ఆమె చెవులు మూసుకుంది. నడక ఇంకా పెంచింది. పిలుచుకొచ్చేవాళ్ళు వెనక్కి తిరగకూడదు... వెనకనించి ఎవరి గొంతుతో ఏది అరిచినా సరే. అదీ నాయనమ్మ చెప్పిందే.

షింగ్ దిగుతున్నాడు, దిగుతున్నాడు... మెట్లు తరగవు. కింద గుమ్మం కనిపిస్తూనే ఉంది. అవ్వ దీపం పట్టుకుని నిలబడింది.

"షింగ్ ఇంటికొచ్చాడా?" అడిగింది యూక్‌లాన్, ఆనవాయితీ ప్రకారం.

"వచ్చాడమ్మా వచ్చాడు" అంది అవ్వ. అని, యూక్‌లాన్ వెనకవైపు చూసి నవ్వింది. "రా నాయనా, లోపలికి రా."

తలుపు మూసుకుంది.

షింగ్ వచ్చి పడి ఆ తలుపు బాదాడు. వెనక వాకిలికి పరుగెత్తాడు... అదీ గడియ వేసుంది. మళ్ళీ ముందుకొచ్చి బాదాడు.

"అవ్వా! నేను... షింగ్‌ని! తలుపు తియ్యి!"

లోపల అవ్వ ఏదో ప్రార్థన గొణుక్కుంది. తర్వాత తలుపు సందులోంచి, మెల్లగా, జాలిగా...

"షింగ్ ఇంట్లో ఉన్నాడు. నువ్వెక్కణ్నించి వచ్చావో అక్కడికే పో నాయనా."

పైన గది కిటికీలో వెలుగు. గిన్నె చప్పుడు, చెంచా చప్పుడు.

"గంజిలో ఉప్పు చాల్లేదే" అంది తన గొంతు.

"ఏమన్నావ్? మళ్ళీ అను..." యూక్‌లాన్ ఏడుస్తూ నవ్వుతోంది. "నీకు ఉప్పు తెలుస్తోందా? నిజంగా తెలుస్తోందా?"

"యూక్‌లాన్!" షింగ్ గొంతు చించుకున్నాడు. "వాడు నేను కాదు! నేనిక్కడ... కింద!"

చెంచా ఆగింది.

"కింద ఎవరో అరుస్తున్నారు" అంది ఆ గొంతు.

యూక్‌లాన్ కిటికీ దగ్గరకొచ్చింది. రెక్కలు దగ్గరికి లాగింది.

"ఎవరో... జూదంలో అంతా పోగొట్టుకున్నోడు, పాపం. నువ్వు తిను."