చీమలు పట్టిన కాగితం

ఆదివారం ఆరాధన ముగిశాక దీనా ఇంటికి పోలేదు. వానలో తడుస్తూ సీదా ఆస్పత్రికి నడిచింది. సోమవారం తొమ్మిదింటికల్లా రిపోర్టు పైకి పోవాలి. కరోనా రెండో వేవ్‌లో ఈ ఆస్పత్రిలో చనిపోయిందెవరు? వయసెంత, ఏ ఊరు, జ్వరం వచ్చిన ఎన్నో రోజున వచ్చారు, బీపీ ఉందా, షుగర్ ఉందా? మొత్తం రెండువందల పన్నెండు కేస్ షీట్లు. హైదరాబాదులో కొత్తగా లేచిన అద్దాల మేడల పక్కన ఎం.ఏ. చదివి, యూనివర్సిటీ గోడలనిండా నినాదాలు రాసిన పిల్లకు బీదర్‌లో దొరికిన కాంట్రాక్టు పని ఇది.

పనిని యుద్ధంలాగానే చేసింది. చనిపోయినవాళ్ళలో నూట నలభై మంది కాగితాల్లో, షుగర్ గడిలో ఇంటివాళ్ళే కన్నడంలో 'ఇల్ల' అని రాశారు. లేదు అని. ఏ రోగమూ లేని కూలీలు, రైతులు ఇంతమంది ఎలా పోయారు? 'చంపింది వైరస్ కాదు, వ్యవస్థ' అని మొదటి పేజీలో రాసి కింద గట్టిగా గీత గీసింది.

ఒక్క షీటు మాత్రం ఇంకా రిపోర్టులోకి ఎక్కించలేదు.

అటెండరు గాలయ్య రికార్డు గది తాళం తీశాడు. "జల్ది కానియ్యి దీనమ్మా. ఈ అర్ర మంచిది గాదు."

"సచ్చినోళ్ళు ఏం చేస్తరు కాకా? చంపినోళ్ళకు భయపడాలె."

"నీ మాటలన్ని గోడ మీద రాసేతట్టే ఉంటయ్," అని నవ్వి చాయ్‌కి పోయాడు.

కిటికీ లేని గది. చెమ్మ పట్టిన కాగితాల వాసన, పాత ఫినాయిల్ వాసన. దీనా ఆ చివరి షీటు తీసింది.

ఏసప్ప, యాభై ఎనిమిదేళ్ళు, మన్నళ్ళి. ఆమె నాయిన.

షుగర్ గడిలో నీలి సిరాతో 'ఇల్ల'. కింద ఆమె సంతకం.

ఆ రోజుల్లో ఊరంతా ఒకటే మాట. షుగర్ ఉందంటే బెడ్ ఇవ్వరు, ఎట్లాగూ పోయేవాళ్ళని పక్కన పెడతారు. పన్నెండేళ్ళుగా షుగర్ గోళీలు మింగుతున్న మనిషికి అందుకే 'ఇల్ల' అని రాసింది. బెడ్ దొరికింది. ఊపిరితిత్తుల కోసం, షుగర్‌ను ఎగదోసే స్టెరాయిడ్ సూదులు మొదలుపెట్టారు. షుగర్ చూసే పట్టీలు ఆస్పత్రిలో అయిపోయాయి. లేదని రాసినవాళ్ళని ఎవరూ పరీక్షించలేదు. నిజం చెప్తే బెడ్ మీంచి దింపేస్తారని ఆమె నోరు విప్పలేదు. ఐదో రోజు, షుగర్ ముదిరి, నాయిన ఊపిరి మాగిపోయిన సీతాఫలంలా వాసనేసింది. సాయంత్రానికి ఆ ఊపిరీ లేదు.

పెన్ను పట్టుకొని కూచుంది. 'ఇల్ల' అనే ఎక్కిస్తే ఆ నూట నలభైతో కలిసిపోతుంది. ఎవరికీ తెలియదు. అమ్మకు కూడా.

కరెంటు పోయింది.

ఫోన్ లైటు వేసింది. కాగితం మీద ఏదో కదిలింది. చీమ. ఇంకోటి. నల్లటి బారు ఒకటి గడి గీత దాటి, 'ఇల్ల' చుట్టూ ముసురుకుంటోంది.

అప్పుడు వాసన వచ్చింది. సీతాఫలం... బయట చెట్లకు ఇంకా పిందెలే.

తర్వాత చప్పుడు. బుడ... బుడ... బుడ... ఆక్సిజన్ పైపు కింద నీళ్ళ సీసాలో లేచే బుడగల చప్పుడు. ఆ గదిలో సిలిండర్ లేదు. సీసా లేదు.

"నాయినా?"

బుడగలు ఆగాయి. వింటున్నట్టు.

దీనా ఎర్ర పెన్ను తీసింది. 'ఇల్ల' కొట్టేసి 'ఇదె' అని రాసింది. ఉంది అని.

చీమలు కదిలాయి. బారు కట్టి షీటు దిగి, పక్క కట్టలోకి దూరాయి. ఆమె ఆ కట్ట విప్పింది. శంకరమ్మ, ఔరాద్. ఇల్ల. చీమలు. రాచయ్య, ధన్నూర. ఇల్ల. చీమలు. ఇంకోటి... ఇంకోటి...

బుడగలు మళ్ళీ లేచాయి. ఈసారి ఒక్క సీసా కాదు. వార్డు వార్డంతా.

చెవి పక్కనే, మాస్కు లోపలి నుంచి వచ్చే గొంతు... "మాది గూడ రాయి బిడ్డా..."

ఎట్లా బయటపడిందో ఆమెకు తెలియదు. వరండాలో గాలయ్య చాయ్ గ్లాసుతో నిలబడి ఉన్నాడు. లోపలికి తొంగి చూడకుండానే తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి అమ్మ హేబ్సిబా గుమ్మంలో కూచుని ఉంది. బిడ్డ మొహం చూసి పక్కకు జరిగి చోటిచ్చింది. తర్వాత మెల్లగా అడిగింది.

"మీ నాయినకు షుగర్ ఉన్నదని డాక్టర్లకు చెప్పినవ్ గదా బిడ్డా? దినాం కలలకొచ్చి అదే అడుగుతుండు."

వ్యవస్థ మీద పేజీలు పేజీలు రాసిన దీనా, అమ్మ కళ్ళలోకి చూడలేక గోడకేసి చూసింది.

"చెప్పిన అమ్మా."

సోమవారం ఎనిమిదింటికి దీనా వెళ్తే గాలయ్య తాళం తీశాడు. కట్టలన్నీ విప్పి ఉన్నాయి. నేల మీద వరుసగా, వార్డులో బెడ్లు వేసినట్టు, షీట్లు పరిచి ఉన్నాయి. శంకరమ్మది, రాచయ్యది, అందరివీ... ప్రతి 'ఇల్ల' మీదా ఎర్రటి కొట్టివేత. పక్కన ఎర్రగా 'ఇదె'. ఒక్కొక్కటీ ఒక్కో చేతిరాత.

"రాత్రంత ఈడ్నే ఉన్నవా ఏంది?" గాలయ్య గొంతు తగ్గించాడు.

"తాళంచెవి నీ దగ్గర్నే ఉన్నది గదా కాకా..."

చివరి వరుసలో నాయిన షీటు. మోకాళ్ళ మీద కూచుని చూసింది. నిన్న తను గీసిన ఎర్ర గీత లేదు. 'ఇదె' లేదు. నీలి అక్షరాలతో, తన చేతిరాతతో, 'ఇల్ల'. కింద తన సంతకం.

వేలు ఆనించింది. నీలం అంటుకుంది.

నాలుగు నెలల కిందటి సిరా ఇంకా తడిగానే ఉంది.