కుంక్టాంటర్ అంటే ఏమిటండీ?

"కుంక్టాంటర్ అంటే ఏమిటండీ? మీరు రాసింది చదివితే నాకు ముక్క అర్థం కాలేదు."

ప్రూఫులు దిద్దే అమ్మాయి ఎర్రపెన్ను పట్టుకుని అతని బల్ల ముందు నిలబడింది. లాటిన్ నిఘంటువుకి తెలుగు అర్థాలు రాసే ఆ కుర్రాడు తలెత్తి, ఆ కళ్ళు చూసి, గబుక్కున కాగితాల్లోకి దూరిపోయాడు. మూడేళ్ళుగా ఇదే వరస.

"సందేహంగా అని రాశానుగా?"

"సందేహం వేరు, తటపటాయింపు వేరు మాస్టారూ. సందేహపడేవాడికి ఏం కావాలో తెలీదు. తటపటాయించేవాడికి తెలుసు, అడుగే పడదు. ఇది ఏది?"

"రెండోదే. ఆలస్యం చెయ్యడం అనే క్రియ నుంచి పుట్టింది."

"మరి వాడుక? ఒక్క వాక్యమైనా లేదే!"

"క్రియావిశేషణం కదండీ. పక్కన ఏదో ఒక పని ఉండాలి. వెళ్ళాడు, అడిగాడు, చెప్పాడు..."

"ఏ పనీ చెయ్యకపోతే?"

అతను మళ్ళీ కాగితాల్లోకి దూరాడు. ఆమె నవ్వబోయి ఆగింది.

"సాయంత్రంలోగా వాక్యం ఇవ్వండి. రేపట్నుంచి నేను రాను. అక్కావాళ్ళ ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. పొద్దున ఏడింటికి రైలు."

మధ్యాహ్నమంతా కిటికీ మీద వాన. 'ఆమెను తటపటాయిస్తూ పిలిచాడు' అని రాసి కొట్టేశాడు. 'తటపటాయిస్తూ చెయ్యి పట్టుకున్నాడు' అని రాసి కాగితమే చింపేశాడు. రేపు ఆ కుర్చీ ఖాళీగా ఉంటుందన్న ఊహకే ప్రాణం ఉసూరుమంది.

చివరికి 'సైనికుడు తటపటాయిస్తూ నది దాటాడు' అని రాసిచ్చాడు.

ఆమె రెండుసార్లు చదివింది. "తప్పుల్లేవు," అని బ్యాగు భుజాన వేసుకుని మెట్లు దిగిపోయింది.

సైనికుడు దాటాడు సరే, నువ్వో? అనుకున్నాడు. అంతే, వానలో పరుగు. బస్టాపులో ఆమె ఒక్కతే ఉంది.

"ఒక వాడుక... మర్చిపోయానండీ," అన్నాడు రొప్పుతూ. "ఆ మాట ముందు 'హౌద్' అని చేరిస్తే, తటపటాయించకుండా అని."

"ఉదాహరణ?"

"మీరంటే నాకు ఇష్టం. పెళ్ళి చేసుకుందామా?"

బస్సు వచ్చి ఆగింది. ఆమె ఎక్కలేదు. కళ్ళు తుడుచుకుంటూ, "ఇంత చిన్న వాక్యానికి మూడేళ్ళా! నేను ఉద్యోగం వదలను మరి," అంది.

"వదలొద్దు. ప్రతి ఆదివారం నేనే వస్తాను."

"అయితే పొద్దున స్టేషనుకి రండి. అమ్మ ఉంటుంది. ఈ మాటే ఆవిడతోనూ చెప్పండి."

మర్నాడు ఆరింటికే వెళ్ళి అంతా చెప్పేశాడు. వాళ్ళమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. కూతురి మొహం చూసింది. బెంచీ మీదున్న సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"కూర్చో బాబూ," అంది. "ఇంట్లో ఎవరెవరుంటారు?"