రెండు తప్పుల లెక్క

"మీ బేసిక్‌ల ఏదో గడబిడ ఉన్నది."

"నా బేసిక్‌ల ఏం లేదు. మీ ఫాక్స్‌ప్రోనే జర చూసుకోండ్రి."

అంబదాస్, విద్యావతి మొదటిసారి మాట్లాడుకున్నది ఇదే. నమస్కారాలు కూడా ఆ తర్వాతే.

ఆర్మూర్ పసుపు మార్కెట్‌లో దేవదాస్ సేటుది కమీషన్ దుకాణం. తొంభై ఐదులో ఆయన కంప్యూటర్ కొన్నాడు. రైతులు తెచ్చిన బస్తాలు లెక్కించే ప్రోగ్రాంను కొడుకు అంబదాస్ తనకొచ్చిన బేసిక్‌లో రాశాడు. ఆ లెక్క తీసుకుని రసీదు అచ్చువేసే ప్రోగ్రాం ఫాక్స్‌ప్రోలో రాయడానికి నిజామాబాద్ నుంచి విద్యావతి వచ్చింది. పని పూర్తయ్యేదాకా రోజూ మాక్లూర్ మీదుగా బస్సులో వచ్చి, సాయంత్రం వెళ్లేది.

ఆ రెండు కంప్యూటర్ భాషలకూ అత్తాకోడళ్ల పొత్తు. ఏప్రిల్ మూడున వచ్చిన పసుపుకు మార్చి నాలుగో తేదీతో రసీదు వచ్చింది.

"మీ ఫాక్స్‌ప్రోకు తేదీలు రావా?"

"అది అమెరికాది. నెలను ముందు, తేదీని ఎన్క చదువుతది. 'సెట్ డేట్ బ్రిటిష్' అని కొడితే సరి."

"అందరు తెల్లోల్లేనా? ఆర్మూర్ డేట్ లేదా?"

ఆమె నవ్వింది. అతనికి ఆ రోజు ఇంకేమీ ఎక్కలేదు.

ఒక మధ్యాహ్నం అకాలవర్షం కొట్టింది. పసుపు కుప్పల మీద తాటిపత్రి పట్టా కప్పడానికి ఒక కొస ఆమె, ఒక కొస అతను పట్టుకుని పరుగెత్తారు. తడిసిన పసుపు ఆమె చెంపకు అంటుకుంది. తుడుచుకోమని చెప్పబోయి, పట్టా కొస సర్దాడు.

"రేపటితోని పని అయిపోతది," అంది విద్యావతి.

"మంచిదే గదా," అన్నాడు ఆ తెలివిగలవాడు.

ఆమె మొహం ఎందుకు మాడిందో అతనికి అర్థం కాలేదు. తప్పులు తగ్గుతుంటే తన గుండె ఎందుకు దిగులుపడుతోందో అంతకన్నా అర్థం కాలేదు. ఆమె బస్సెక్కగానే ప్రోగ్రాం తెరిచి, లెక్క రెండో బస్తా నుంచి మొదలయ్యేలా మార్చేశాడు. అడిగితే చెప్పడానికి సాకు కూడా ఉంది. హమాలీలు మొదటి బస్తాను ఒకటి అనరు, 'లాభం' అంటారు. ఆ సంగతి మిషన్‌కు తెలియలేదని బుకాయించవచ్చు.

మర్నాడు అంకాపూర్ రైతు అంజన్న పసుపుతో పరీక్ష పెట్టారు. "లాభం, రెండు, మూడు..." అంటూ హమాలీ పన్నెండు బస్తాలు దించాడు. రసీదులో పదకొండు వస్తుందని అంబదాస్ ఎదురుచూశాడు.

పన్నెండు అని వచ్చింది.

"శభాష్!" అన్నాడు దేవదాస్. "పని అయిపోయింది బిడ్డా. రేపటి సంది నువ్వు రానక్కర లేదు."

అంబదాస్‌కు మతిపోయింది. తీసేసిన బస్తా ఎక్కడినుంచి వచ్చింది? విద్యావతి వైపు చూస్తే ఆమె మొహం అతనికన్నా తెల్లబోయి ఉంది.

"గిది తప్పు!" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

"పన్నెండుకు పన్నెండే వచ్చె. తప్పేంది?" అన్నాడు అంజన్న.

"పదకొండు రావాలె," అన్నాడు అంబదాస్.

"కాదు, పదమూడు రావాలె," అంది విద్యావతి.

"మీరు సదువుకున్నోల్లేనా?" దేవదాస్ తల పట్టుకున్నాడు.

ఊరుకుంటే ఆమె వెళ్లిపోతుంది. చెబితే పరువు పోతుంది. అంబదాస్ పరువునే వదులుకున్నాడు.

"ఒక బస్తా నేనే తీసేసిన బాపూ. తప్పుంటే ఆమె రేపు గూడ వస్తది గదా అని."

విద్యావతి తల వంచుకుంది.

"ఒక బస్తా నేను కలిపిన సేటూ. పొద్దుగాల ఈయన చాయ్‌కి పోయినప్పుడు. నాది గూడ గదే లెక్క."

"నా పసుపుతోని ఆటలాడిండ్రా!" అని అంజన్న పగలబడి నవ్వాడు.

దేవదాస్ మాత్రం నవ్వలేదు. రసీదును అటూ ఇటూ తిప్పి చూశాడు. "వీనిది ఒక్కటే నడిపిస్తే ఒకటి తక్కువ. ఈ పిల్లది ఒక్కటే నడిపిస్తే ఒకటి ఎక్కువ. ఇద్దర్ని వేరు జేస్తే నా దుకాణం మునుగుతది," అని లోపలి గదిలోకి చూస్తూ భార్యను కేకేశాడు. "ఏమే కమలా, ఇన్నవా?"

కమలాబాయి అంతా వినే బయటికి వచ్చింది. విద్యావతి గడ్డం పట్టుకుని, "మీ బాపు ఐతారం ఇంట్ల ఉంటడా బిడ్డా? మేము వస్తం," అంది.

"ప్రోగ్రాం గీడుంటే గాడికి పోయి ఏం చూస్తరమ్మా?" అన్నాడు అంబదాస్ అయోమయంగా.

విద్యావతి మొదటిసారి 'మీరు' వదిలేసింది.

"గిది గూడ నీకు నేనే డీబగ్ జేసి చెప్పాల్నా?"