రెండు చిప్‌ల మధ్య ఒక శవం

ఉదయం ఏడు యాభైకి టెస్టింగ్ ఇంజనీర్ సర్వర్ గదిలోకి వెళ్ళాడు. ఏడు యాభై రెండుకి అతని వెనక తలుపు లాక్ పడింది. మెయింటెనెన్స్ యూనిఫాంలో ఉన్న మనిషి ఒకడు బయటి గోడకున్న ఎర్ర మీటని కిందికి లాగాడు. మంటలార్పే గ్యాస్ బుస్సుమంటూ గదిని నింపింది. లోపల మంట లేదు. ఊపిరి తీసుకునే మనిషి ఒక్కడున్నాడు. ఎనిమిదింటికల్లా అతనూ లేడు.

మూడో రోజు పొద్దున్నే చీఫ్ గదిలో ఒక సీక్రెట్ ఏజెంట్ ఆ ఫోటోలు చూస్తున్నాడు. డిపార్ట్‌మెంట్‌లో అతని అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ఏ వేషం వేసినా చొక్కా మడత నలగదు కాబట్టి అందరూ 'ఇస్త్రీ' అంటారు.

"దేశంలో రైల్వే సిగ్నల్ కంప్యూటర్లన్నీ మారుస్తున్నారు," అన్నాడు చీఫ్. "ప్రాసెసర్ కోసం రెండు బ్రాండ్ల పోటీ. జెర్కాన్, సోలిక్స్. ఆర్నెల్లుగా రెండింటినీ పరీక్షించింది ఇతనే. రిపోర్ట్ ఇవ్వాల్సిన రోజే పోయాడు. రిపోర్ట్ మాయం. ఇవాళ పదకొండున్నరకి కమిటీ ఓటు."

"చంపిందెవరు?"

"మిడత ముఠా. సరిహద్దు అవతలిది. రెండింట్లో ఒక చిప్‌లో దొంగ సర్క్యూట్ పెట్టించారని సమాచారం. అవతలి నుంచి ఒక్క కోడ్ వస్తే చాలు, దేశంలో ప్రతి ఎర్ర లైటూ ఒకేసారి పచ్చబడుతుంది."

ఎదురెదురుగా వచ్చే రైళ్ళు ఇస్త్రీ కళ్ళముందు మెదిలాయి. "ఏ బ్రాండ్?"

"అది తేల్చడమే నీ మిషన్. నన్నడిగితే దొంగ సోలిక్సే. మా ఇంటి కంప్యూటర్‌లో జెర్కాన్ వాడుతున్నాం. పదేళ్ళయింది, ఒక్కసారి మొరాయించలేదు."

"అలా అనకండి సార్," మూలనుంచి డిప్యూటీ అందుకున్నాడు. "జెర్కాన్ కుంపటిలా వేడెక్కుతుంది. దాని మీద టీ కాచుకోవచ్చు."

"నీ సోలిక్స్‌లో ఫైల్ తెరుచుకునేలోపు ఆ టీ చల్లారిపోతుంది!"

శవం ఫోటో మీద మోచేతులు ఆనించి మరీ వాదించుకుంటున్నారు. ఇస్త్రీ వాళ్ళ మోచేతుల కిందినుంచి ఫోటో లాగేశాడు. గాడ్జెట్ సెక్షన్ ఇచ్చిన కళ్ళజోడు తీసుకుని లేచాడు. దాని ఫ్రేమ్‌లో నలకంత కెమెరా ఉంది.

ఎనిమిదిన్నరకి ఒక హోటల్ లాబీ. నీలం స్కార్ఫ్ కట్టుకున్న స్త్రీ ఎదుటి సోఫాలో కూర్చుని గోడ గడియారం వైపు చూసింది.

"అది ముందుకా, వెనక్కా?"

"ఆగిపోయింది," అన్నాడు ఇస్త్రీ. కోడ్ సరిపోయింది.

ఆమె జెర్కాన్ సేల్స్ మేనేజర్. రెండేళ్ళుగా డిపార్ట్‌మెంట్‌కి ఇన్‌ఫార్మర్. నడిచొస్తే లాబీలో మాటలు ఆగిపోయేంత అందగత్తె.

"సోలిక్స్," అంది మెల్లగా. "రాసిపెట్టుకోండి. దొంగ సర్క్యూట్ వాళ్ళ చిప్‌లోనే ఉంది."

"ఇంజనీర్ మీకు తెలుసా?"

"పాపం, మంచివాడే. ఆ స్వెటర్ ఒక్కటే చూడలేకపోయేదాన్ని." ముత్యాల్లాంటి పళ్ళతో నవ్వింది. చక్కెర ఎక్కువైందని కాఫీ పక్కకి నెట్టింది.

ఇస్త్రీ కారెక్కేలోపే ఫోన్ మోగింది. డిప్యూటీ. "మన సోర్స్ ఇప్పుడే చెప్పింది. దొంగ జెర్కానే అట! నేను చెప్పలేదూ?"

"ఏ సోర్స్?"

"అదే, నీలం స్కార్ఫ్ మేడం."

ఇస్త్రీ ఫోన్ పెట్టేశాడు. చీఫ్ పంపిన మనిషికి సోలిక్స్, డిప్యూటీకి జెర్కాన్. ఎవరికి ఏది వినాలని ఉందో వాళ్ళకి అదే చెప్పిందన్నమాట. ఆమె కరచాలనం చేసిన చేతిని ప్యాంటుకి తుడుచుకున్నాడు.

ఇంజనీర్ తన అక్కతో కలిసి ఉండేవాడు. ఆమె స్కూల్లో లెక్కల టీచర్. ఇస్త్రీ ఆఫీస్ క్లర్క్ వేషంలో తమ్ముడి వస్తువులు ఆమెకివ్వడానికి తీసుకెళ్ళాడు. టిఫిన్ బాక్స్, కళ్ళజోడు పెట్టె, బూడిదరంగు స్వెటర్. ఆమె స్వెటర్ అందుకుని ఒళ్ళో పెట్టుకుంది.

"నేనే అల్లాను. చేతులు పొడుగైపోయాయి. మడిచి వేసుకునేవాడు, విప్పమంటే విప్పేవాడు కాదు."

ఈ స్వెటర్ గురించి నీలం స్కార్ఫ్ నవ్విన నవ్వు ఇస్త్రీకి గుర్తొచ్చింది.

"టీచర్ గారూ, మీ తమ్ముడు ఈ పని గురించి ఏమైనా చెప్పారా?"

"మీరూ అదే అడగడానికొచ్చారా? మూడు రోజుల్లో ఏడుగురొచ్చారు. మీ తమ్ముడు జెర్కాన్ వైపా, సోలిక్స్ వైపా అన్నారు. చివరిసారి ఏం తిన్నాడు, ఎందుకు పోయాడు, ఒక్కరంటే ఒక్కరు అడగలేదు." ఆమె ఒళ్ళోని స్వెటర్ చేతులు మడిచింది. "వాడు ఏ వైపూ కాదు. రెండూ మంచి చిప్‌లే అక్కా అనేవాడు. పోయిన వారం మాత్రం రెండు ఖాళీ పెట్టెలు తెచ్చి, ఈ లేబుళ్ళు చూడు, నువ్వు దిద్దే పేపర్లనుకో అన్నాడు."

అలమరా మీంచి రెండు అట్టపెట్టెలు దించింది. ఒకటి జెర్కాన్, ఒకటి సోలిక్స్. రెండింటి లేబుళ్ళ మీదా లాట్ నంబర్లు పెన్నుతో రాసి ఉన్నాయి.

"ముప్పై ఏళ్ళుగా పేపర్లు దిద్దుతున్నాను. ఏడు అంకె నడుముకి గీత చూడండి. సున్నాకి మూత పడలేదు. రెండు పెట్టెలూ రాసింది ఒకే చెయ్యి. ఆ మాట చెప్పగానే వాడి మొహం తెల్లబోయింది."

పోటీ కంపెనీల పెట్టెల మీద ఒకే మనిషి రాత! రెండింటి అడుగునా ఒకే డీలర్ స్టాంపు, ఒకే గోడౌన్ అడ్రసు.

పదింబావుకి ఇస్త్రీ ఆ గోడౌన్‌లో ఉన్నాడు. ఈసారి ఖాకీ చొక్కా, చేతిలో ప్యాడ్. "మంటలార్పే సిలిండర్ల చెకింగ్," అన్నాడు గేటులో. పంపించేశారు.

లోపల గోళ్ళరంగు తుడిచే మందు వాసన ఘాటుగా కొట్టింది. పొడవాటి బల్ల. ఒక చివర ఆరుగురు మనుషులు దూదితో చిప్‌ల మీది పాత ముద్రలు తుడిచేస్తున్నారు. మరో చివర మెషిన్ కొత్త పేర్లు అచ్చువేస్తోంది. ఒక ట్రేకి జెర్కాన్, పక్క ట్రేకి సోలిక్స్. చిప్ మాత్రం ఒక్కటే.

"చూడ్డం అయిందా?"

వెనక నీలం స్కార్ఫ్. మెడలో రెండు ఐడీ కార్డులు, రెండు కంపెనీలవీ. ఆమె పక్కన చెమటలు తుడుచుకుంటూ డీలర్. మెయింటెనెన్స్ యూనిఫాం మనిషి ఇస్త్రీ కళ్ళజోడు లాగి బూటుతో నలిపేశాడు.

"మాకు బ్రాండ్ పట్టింపు లేదు బాబూ," అన్నాడు డీలర్ బుజ్జగింపుగా. "ఏది గెలిచినా సప్లై మా మిడత ముఠాదే, దొంగ సర్క్యూట్ రెండింట్లోనూ ఉంటుంది. ఒక దాంట్లోనే దొంగ సర్క్యూట్ ఉందన్న కబురు కూడా మేం వదిలిందే. మీ వాళ్ళు ఏదని కొట్టుకున్నారే గానీ, ఎవరు తెస్తున్నారని అడగలేదు."

"ఆ ఇంజనీర్ అడిగాడు," అన్నాడు ఇస్త్రీ.

"అడిగాడు," అందామె వాచీ చూసుకుంటూ. "నాకు మీటింగ్ టైమవుతోంది. ఇతన్ని కూడా శుభ్రం చేసెయ్యండి."

చీమని నలపమన్నంత తేలిగ్గా చెప్పి వెళ్ళిపోయింది. ఇస్త్రీకి భయం వెయ్యలేదు, అసహ్యం వేసింది. చెకింగ్ పేరుతో తను చూడవచ్చిన మంటలార్పే సిలిండర్ పక్కనే ఉంది. పిన్ను లాగాడు. తెల్లపొడి గోడౌనంతా కమ్మేసింది. యూనిఫాం మనిషి పిస్టల్ ఎటో పేలింది. సిలిండర్ వాడి మోకాలికి తగిలింది. ఇస్త్రీ వెనక కిటికీలోంచి మురిక్కాలవలో పడ్డాడు. నడుస్తూనే చీఫ్‌కి ఫోన్‌లో అడ్రసు చెప్పాడు.

పదకొండు ఇరవై ఎనిమిది. కమిటీ గది. ఇద్దరు జెర్కాన్‌కి, ఇద్దరు సోలిక్స్‌కి ఓటేశారు. చైర్మన్ ఆఖరి ఓటు కోసం బటన్ మీద వేలు పెట్టాడు. వెనక వరసలో నీలం స్కార్ఫ్ కాలు మీద కాలేసుకుని కూర్చుంది.

"ఆపండి!"

మోకాళ్ళదాకా మురుగు, పైన తెల్లపొడితో మనిషి గుమ్మంలో నిలబడ్డాడు. ఐడీ కార్డు చైర్మన్ ముందు పడేశాడు. "వేలు తియ్యండి సార్. ఎవరి దగ్గరైనా గోళ్ళరంగు తుడిచే మందుందా?"

అప్పటిదాకా ఎవరూ పట్టించుకోని స్టెనో తన బ్యాగులోంచి చిన్న సీసా, దూది తీసిచ్చింది.

ఇస్త్రీ బల్ల మీది శాంపిల్స్ రెండూ తీసుకుని రుద్దాడు. జెర్కాన్ కరిగిపోయింది. సోలిక్స్ కరిగిపోయింది. రెండింటి కిందా ఒకే ఫ్యాక్టరీ ముద్ర బయటపడింది. వరస నంబర్లు, ఒకటి ఏడుతో, ఇంకోటి ఎనిమిదితో ముగిశాయి.

నీలం స్కార్ఫ్ తలుపు వైపు కదిలింది. అక్కడ గార్డులున్నారు. అదే నిమిషంలో చీఫ్ ఫోన్ చేశాడు. గోడౌన్ చిక్కింది, డీలర్ చిక్కాడు, అతని సొరుగులో ఇంజనీర్ రిపోర్ట్ చిక్కింది. ఆఖరి పేజీలో ఒకే వాక్యం: 'రెండు బ్రాండ్లూ పనికొస్తాయి, ఈ డీలర్ పనికిరాడు.'

ఇస్త్రీ వరండాలోకి వచ్చి ముందు టీచర్‌కి ఫోన్ చేశాడు. "చేతిరాత మీరు చెప్పినట్టే, టీచర్ గారూ. మీ తమ్ముడి వల్ల రైళ్ళు భద్రంగా నడుస్తాయి."

"వాడికి రైళ్ళంటే ఇష్టం," అందామె.

లోపల అప్పుడే మళ్ళీ గొడవ మొదలైంది. "కంపెనీ నుంచి నేరుగా తెప్పిద్దాం. జెర్కాన్!" "సోలిక్స్!" చైర్మన్ తల పట్టుకుని బయటికొచ్చాడు. మురుగు ఓడుతున్న ఇస్త్రీని చూసి నొచ్చుకున్నాడు.

"దేశాన్ని కాపాడారండీ. ఏం కావాలో చెప్పండి."

"సబ్బు."

చైర్మన్ జేబులోంచి పెన్ను తీశాడు.

"ఏ బ్రాండ్?"