కుడి భుజం మీద చార

గురువారం ఉదయం 6.40.

"వారం నుంచి అడుగుతున్న. ఈ మరక మీదే కద?" అంది శ్రీలత.

వంటింటి గుమ్మానికి కుడి పక్కన, తెల్లటి గోడ మీద, పసుపు అంటిన అరచేతి ముద్ర ఉంది.

"ఇంట్ల పసుపు ముట్టేది నువ్వా నేనా?" అన్నాడు భర్త శివకుమార్, పేపర్ దించకుండా.

"పోయిన వారం పప్పు చేసింది మీరే."

"సర్కిల్ ఇన్‌స్పెక్టర్ ఇంట్ల దొంగ దొరకలేదని ఇల్లుగలామెకు చెప్దాం తీ."

శ్రీలత నవ్వలేదు. మిర్యాలగూడ నుంచి కోదాడకు బదిలీ అయి రెండు నెలలు. ఇల్లు ఇంకా అలవాటు కాలేదు. దానికి తోడు టేబుల్ మీద ఒక ఫైలు. శనివారంలోగా రిపోర్టు పంపాలి.

ఐదు వారాల కిందట ముగ్గురు స్నేహితులు వీపున బ్యాగులు వేసుకుని ఒమన్ వెళ్లారు. నడిగూడెం నాగేందర్. సూర్యాపేటలో మొబైల్ షాపు ఉన్న జైరాం. కోదాడలో స్కూల్ బస్సు నడిపే చంద్రు. మస్కట్‌లో ఒక ఫోర్ వీల్ డ్రైవ్ జీపు కిరాయికి తీసుకున్నారు. వెంట రెండు టెంట్లు. ఐదో రోజు సాయంత్రం 4.10కి, కంకర కొండ దారి దిగుతుండగా జీపు బోల్తా పడింది. వెనక సీట్లో బెల్టు లేకుండా కూర్చున్న నాగేందర్ అక్కడే పోయాడు. చంద్రు తలకు దెబ్బ.

జీపు నడిపింది చంద్రు అని జైరాం చెప్పాడు. అక్కడి పోలీసులు అదే రాసుకున్నారు.

ఇప్పుడు చంద్రుకు ఆర్టీసీలో డ్రైవర్ ఉద్యోగం వచ్చింది. సోమవారం సూర్యాపేట డిపోలో చేరాలి. నాగేందర్ తండ్రి గురవయ్య పోలీసులకు పిటిషన్ పెట్టాడు. 'నా కొడుకును చంపినోని చేతికి బస్సు ఇయ్యొద్దు.'

10.15. స్టేషన్.

"ఆ రోజు స్టీరింగ్ ఎవరి దగ్గర?"

"నా దగ్గరే కావచ్చు మేడం," అన్నాడు చంద్రు.

"కావచ్చు అంటే?"

"యాదికి లేదు. పొద్దుగాల టెంట్లు మడిచినం. చాయ్ తాగినం. ఆ తర్వాత దవాఖాననే."

"మరి నువ్వే అని ఎట్ల ఒప్పుకున్నవ్?"

అతను చొక్కా కాలర్ పక్కకు లాగాడు. కుడి భుజం మీద ఏటవాలుగా నల్లటి చార.

"ఆరేండ్లు బస్సు నడిపిన మేడం. బెల్టు ఈ భుజం మీదనే పడతది. డ్రైవర్‌కు గాక ఇంకెవరికి గీడ పడతది?"

మస్కట్ హాస్పిటల్ డిశ్చార్జ్ కాగితం కూడా అదే చెప్పింది. కుడి భుజం నుంచి ఎడమ నడుము దాకా, బెల్టు ఒరుసుకున్న గాయం. శ్రీలత నోట్‌బుక్‌లో రాసుకుంది. పెన్ను మూసింది. మళ్లీ తెరిచింది. ఎక్కడో ఏదో కుదరడం లేదు.

11.30కి జైరాం వచ్చాడు. ఎడమ చెయ్యి మెడకు కట్టిన పట్టీలో ఉంది.

"నువ్వెక్కడ కూసున్నవ్?"

"ముందట, చంద్రు పక్కన."

"బెల్టు?"

"పెట్టుకున్న. లేకుంటే నేను గూడ పోతుంటి."

"భుజం ఎముక ఎట్ల ఇరిగింది?"

"నాగేందర్‌ను బయటికి గుంజుతుంటే."

"ఐదు రోజుల్లో నువ్వెప్పుడన్న నడిపినవా?"

"కిరాయి కాగితం చంద్రు పేరు మీదుంది మేడం. ఇంకొకలు నడిపితే వాళ్లు ఒప్పుకోరు."

"ఒప్పుకోరు సరే. నడిపినవా?"

"లేదు."

శుక్రవారం ఉదయం 6.15.

శ్రీలత గడపకు పసుపు రాసి లేచింది. చెయ్యి కడుక్కుందామని చీకటి వంటింట్లోకి అడుగు పెట్టింది. లైటు కోసం చెయ్యి గోడను తట్టింది.

స్విచ్ లేదు.

స్విచ్ ఎడమ పక్కన ఉంది. కుడి పక్కన ఉండేది మిర్యాలగూడ ఇంట్లో.

లైటు వేసి చూసింది. పాత ముద్ర మీద కొత్త ముద్ర. వేలికి వేలు సరిపోయింది.

"ఏమండీ. దొంగ దొరికింది."

"ఎవరట?"

"నేనే."

అంటూనే కుడి పక్క ముద్రలను, ఎడమ పక్క స్విచ్‌ను మార్చి మార్చి చూసింది. తర్వాత పసుపు చేత్తోనే ఫోన్ తీసింది. ఫైలులోని ఫొటోలు. మొదటి రోజు, టెంటు ముందు జీపు. వెనక సీట్లోంచి తీసింది, స్టీరింగ్ పట్టుకుని వెనక్కి తిరిగి నవ్వుతున్న చంద్రు. నిన్న నాలుగుసార్లు చూసిన ఫొటోనే.

ఆమె మస్కట్ హాస్పిటల్‌కు ఒక మెయిల్ పంపింది. పదకొండున్నరకు జవాబు వచ్చింది.

1.20. నడిగూడెం.

నాగేందర్ నెల మాసికం. గురవయ్య తన మందలోంచి పొట్టేలును తెచ్చి కోశాడు. చుట్టాలు బంతిలో కూర్చున్నారు. కొడుకును జీపులోంచి బయటికి తీసినవాడని, జైరాంను గురవయ్య తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు.

శ్రీలత వెనకాలే చంద్రు లోపలికి రాగానే, వడ్డిస్తున్న నాగేందర్ తల్లి అచ్చమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

"వీన్నెందుకు తెచ్చినవమ్మా?" అన్నాడు గురవయ్య.

"పది నిమిషాలు. ఈ ఫొటో సూడు. స్టీరింగ్ ఏ దిక్కున్నది?"

గురవయ్య ఫోన్ దూరంగా పట్టుకుని చూశాడు. "ఎడమ దిక్కు."

"ఆ దేశంల బండ్లన్నీ అంతే. డ్రైవర్ ఎడమ దిక్కు కూసుంటడు. మరి బెల్టు ఏ భుజం మీద పడతది?"

అతని చెయ్యి మెల్లగా తన ఎడమ భుజం మీదికి వెళ్లింది.

"చంద్రుకు చార కుడి భుజం మీదున్నది," అంది శ్రీలత. "మన బస్సుల లెక్కన సూసుకొని వాడు తప్పు ఒప్పుకున్నడు. మనమంత నమ్మినం. నిన్నటిదాక నేను గూడ. ఆ బండిల కుడి దిక్కు కూసునేది పక్క సీటాయన."

బంతిలో అందరూ జైరాం కట్టు వైపు చూశారు.

"గుంజుతుంటే ఇరిగిందని..." అన్నాడు జైరాం.

"బెల్టు పెట్టుకున్ననని నువ్వే చెప్పినవ్. నీ హాస్పిటల్ కాగితం ఇయ్యాల మస్కట్ నుంచి వచ్చింది. ఎడమ భుజం నుంచి కుడి నడుము దాక ఒరుసుకున్నదని రాసి ఉంది."

జైరాం కలిపిన ముద్ద విస్తరిలోనే వదిలేశాడు.

"ఒక్క దిగుడు నడుపుతనన్న. చంద్రు వద్దన్నడు. నాగేందరే ఇయ్యమన్నడు." "చంద్రు కండ్లు తెరవలే. వాడు గూడ పోయిండనుకున్న. పోలీసులు అడిగితే వాని పేరు చెప్పిన. పోయినోనికి ఏమైతది అనుకున్న."

"వాడు బతికినంక?"

శ్రీలతతో వచ్చిన కానిస్టేబుల్ కృష్ణ జైరాంను లేపి బయటికి తీసుకెళ్లాడు.

గురవయ్య తన పక్కన జైరాం వదిలిన విస్తరి తీసేసి, కొత్తది పరిచాడు.

"కూసో."

"బాపూ, నేను ఇగ స్టీరింగ్ ముట్టను," అన్నాడు చంద్రు, నిలబడే.

"కూసోమన్న."

చంద్రు కూర్చున్నాడు. అచ్చమ్మ అన్నం పెట్టింది. కూర పోసింది.

గురవయ్య బంతిలో అందరికీ వినపడేలా చెప్పాడు.

"మేడం, నేనిచ్చిన కాగితం వాపస్ తీసుకుంట. సోమారం వీడు పోయి డ్యూటీల చేరతడు. వీడు నడిపే మొదటి బస్సు నేనెక్కుత. అచ్చమ్మ గూడ వస్తది. వీని యెనక సీట్లనే కూసుంటం."